తివాచీ కింద గుంట

ఇది నేను చేసిన పని. "అందరం కలిసే చేశాం వదినా, నువ్వొక్కదానివే నెత్తినేసుకుంటే ఎలా?" అంటాడు ఎదురింటి ఆతిఫ్. మంచివాడు కాబట్టి అలా అంటాడు. తివాచీ ఎవరిది? నాది. పరిచిందెవరు? నేను. పరిచాక అంచులు సాగదీసి, ముడత లేకుండా అరచేత్తో నిమిరి, నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ముచ్చటగా చూసుకున్నదెవరు? అదీ నేనే. ఇప్పుడు ఎవరైనా నన్ను వెనకేసుకొస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఆయన పేరు షౌకీ. ముప్పై ఏళ్ళపాటు సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ కుట్టాడు. అలెగ్జాండ్రియాలో మా పేటలో పెళ్ళయిన ప్రతి పిల్లా ఆయన కుట్టిన సోఫా మీదే కూర్చుంది. మూడేళ్ళ కిందట రెండు కిడ్నీలూ పోయాయి. శని, సోమ, బుధ, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. రెండుసార్లు తప్పితే ఊపిరాడదు. మూడుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆస్పత్రి దూరమేమీ కాదు. పెద్దరోడ్డు మీద మినీబస్సెక్కితే పావుగంట. మా గుమ్మం నుంచి పెద్దరోడ్డు దాకా ఉన్న రెండొందల అడుగులే దూరం. మాది అద్దకంవాళ్ళ సందు. రెండేళ్ళ కిందట మురుగు గొట్టం వేస్తామని వచ్చి, సందు పొడుగునా పొట్ట చీల్చినట్టు చీల్చి, సగం గొట్టం వేసి, కాంట్రాక్టరు మాయమైపోయాడు. తవ్విన మట్టి తవ్విన చోటే గుట్టగా ఉండిపోయింది. సరిగ్గా మధ్యలో, ఆతిఫ్ వెల్డింగు కొట్టు ముందు, మ్యాన్‌హోల్. దాని ఇనప మూత ఏ పాత సామాన్లవాడి పాలయిందో దేవుడికే తెలియాలి. మనిషి లోతు గుంట. ఎవరో అందులో ఒక టైరు ఇరికించి, టైరులో ఒక విరిగిన కర్ర గుచ్చారు. మా ఊళ్ళో ప్రమాదం అని రాసే పద్ధతి అది.

ఇక కాలిబాట అంటారా, ఒక్కొక్కడూ తన కొట్టు ముందు తన ఇష్టమొచ్చినంత ఎత్తున కట్టుకున్నాడు. మంగలి కొట్టు ముందు స్నానాలగదిలో వేసే తెల్ల పలకలు, చెంబెడు నీళ్ళు పడితే జర్రున జారతాయి. మాంసం కొట్టువాడు జానెడు ఎత్తు పెంచి చలవరాయి పరిచాడు. దౌలత్ పెద్దమ్మ ఇంటి మెట్లు నాలుగూ దారిలోకే చొచ్చుకొచ్చాయి. మంచి కాళ్ళున్నవాడే ఎక్కుతూ దిగుతూ ఆయాసపడతాడు. మా ఆయనకు కాళ్ళే లేనట్టు లెక్క.

అందుకని ఆయన్ని కుర్చీలో మోసేవాళ్ళు. ముందు ఆతిఫ్, వెనక దర్జీ గిర్గిస్. కుర్చీ మా ఆయన కుట్టిందే, ఎర్ర వెల్వెట్టుది. గిర్గిస్‌కి నోరు ఊరుకోదు.

"ఏం షౌకన్నా, ఈ ఊరేగింపు చూసి నిన్ను కొత్త పెళ్ళికొడుకనుకుంటున్నారు."

"పెళ్ళికూతుర్ని మారుస్తానంటే నాకేం అభ్యంతరం లేదురా," అనేవాడు మా ఆయన నావైపు ఓరగా చూస్తూ.

"మార్చుకో, మార్చుకో! ఎవత్తె వస్తుందో నేనూ చూస్తా. వచ్చినదానికి నీ మందుల సంచీ ఇచ్చి నేను పుట్టింటికెళ్ళి కాళ్ళు చాపుకుంటా," అనేదాన్ని నేను.

నవ్వుకునేవాళ్ళం. కానీ ఒక్కో అడుగుకీ ఆయన కుర్చీ చేతుల్ని ఎలా పట్టుకునేవాడో నేను చూశాను. వేళ్ళ కణుపులు తెల్లబడిపోయేవి. ఇంకొకడి భుజాల మీద బతకడం ఆ మనిషికి ఎంత చావో నాకు తెలుసు. "బస్సు దాకా ఒక్కసారి నా కాళ్ళతో నేను నడవాలే ఇన్సాఫ్. కర్ర పట్టుకునైనా సరే. నేల చదునుగా ఉంటే నడవగలను," అనేవాడు. నిజమే. ఇంట్లో గచ్చు మీద నడిచేవాడు.

అర్జీ రాశాం. అరవై ఒక్క సంతకాలు, దౌలత్ పెద్దమ్మ వేలిముద్ర అదనం. వార్డు ఆఫీసుకి చెప్పులరిగేలా తిరిగాను. ఒక గదిలోవాడు ఇంకో గదికి పంపేవాడు, ఆ గదిలోవాడు టీ తాగి వస్తానని వెళ్ళి ఇంటికే పోయేవాడు. "ప్లానులో ఉందమ్మా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఒకరోజు నోరు జారి, "ఆ ప్లాను ఉతికి ఆరేసుకోండి" అనేశాను. రెండు నెలలు ఆ గది తలుపు నాకు తెరుచుకోలేదు.

చివరికి దొరికిన మనిషి ఇంజినీరు వజ్దీ. బక్కపలచని మనిషి. కడుపులో పుండని ఎప్పుడూ సొరుగులోంచి ఉత్త బిస్కట్టు తీసి కొరుకుతూ ఉంటాడు. మంచివాడు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి. జరిగిన దానికి ఆయన్ని తిట్టేవాళ్ళు మా సందులో ఉన్నారు. నేను తిట్టను.

అక్టోబరు మొదట్లో ఆయనే కబురుపెట్టి పిలిచి, కాయితం నా ముందుకి తోశాడు.

"చూడమ్మా. చలికాలం లోపల పది సందులు బాగుచెయ్యాలని జాబితా రాశాను. మీది ఏడోది. గొట్టం పూర్తిచేసి, మూత వేసి, పైన తారు, రెండు పక్కలా ఒకే ఎత్తున కాలిబాట."

కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "చీపురు లోపల అయిపోతుందా ఇంజినీరు గారూ?" అన్నాను.

మా సముద్రపు గాలివానలకు పేర్లుంటాయి, తేదీలుంటాయి. నవంబరు మధ్యలో వచ్చేదాని పేరు చీపురు. ఊరంతా ఊడ్చిపారేస్తుంది కాబట్టి ఆ పేరు. పోయిన ఏడు చీపురుకి మా సందులో మోకాలి కింద దాకా నీళ్ళు నిలిచాయి. అప్పుడంటే మా ఆయన ఇంకొంచెం గట్టిగా ఉన్నాడు.

"అవ్వాలనే నా తాపత్రయం. పై అధికారి సంతకం ఒక్కటే మిగిలింది. ఆయనే వచ్చే గురువారం మీ సందు చివర బడి ప్రారంభానికి వస్తున్నాడు. కారు పట్టదు కాబట్టి సందులో నడిచే రావాలి. కళ్ళారా చూస్తాడు. చూస్తే అక్కడికక్కడే సంతకం. అర్థమైందా?"

"అర్థమైంది."

"కాలేదు. మళ్ళీ చెబుతున్నా, బాగా వినండి. దేన్నీ ముట్టుకోకండి. ఊడవకండి, కడగకండి. ఆ టైరు అక్కడే ఉండాలి, ఆ కంపు అక్కడే ఉండాలి. మీ ఆయన్ని కుర్చీలో ఆ గుంట పక్కనే కూర్చోబెట్టండి. మిగతాది నేను చూసుకుంటా."

సందులో అందరికీ చెప్పాను. అందరూ సరేనన్నారు. మా ఆయన చెప్పాల్సిన మాట కూడా తయారుచేసుకున్నాడు. నాలుగు రోజులు గెడ్డం గీసుకుంటూ అద్దంలో చూసి అదే చదివాడు. "అయ్యా, నేను నా కాళ్ళతో బస్సెక్కాలి. దానికి రోడ్డు కావాలి. ఈ గుంట చూడండి." అంతే. మూడు ముక్కలు.

బుధవారం మధ్యాహ్నం ఆయన్ని డయాలసిస్ నుంచి తీసుకొచ్చి పడుకోబెట్టాను. బయట దౌలత్ పెద్దమ్మ తన మెట్ల మీద కూర్చుని సందులోకి చూస్తోంది. ఎనభై దాటిన మనిషి. ఆ సందులో పుట్టినవాళ్ళందరికీ బొడ్డు కోసిన చేతులు ఆవిడవి.

"అమ్మాయ్ ఇన్సాఫ్," అంది. "రేపు పెద్దమనిషి వస్తున్నాడు కదా. ఈ మురుగులో చెప్పులు పెడతాడా?"

"పెట్టాలనే కదా పెద్దమ్మా."

"పెడితే పెట్టాడు. వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు? అద్దకంవాళ్ళ సందులో ఆడవాళ్ళు లేరా, చీపుర్లు లేవా అనడూ? మనింటికొచ్చే మనిషి ముక్కు మూసుకుని నడిస్తే ఆ సిగ్గు ఎవరిది? ఆయనదా?"

ఆ మాట లోపల పడి కూర్చుంది. నా ఇల్లు చూసినవాళ్ళకి తెలుసు, నా గచ్చు మీద అన్నం పెట్టుకు తినొచ్చు. పండక్కి ముందు గోడలు కూడా కడుగుతాను. అలాంటిదాన్ని, రేపు నా గుమ్మం ముందు కంపు కొడుతుంటే ఒక పరాయి మనిషి ఎదురుగా తలెత్తుకుని నిలబడాలి. బకెట్టు పట్టుకుని నా గుమ్మం ముందు మాత్రం కడుగుదామని బయటికొచ్చాను. ఒక్క నా గుమ్మం ముందే.

నేను కడగడం చూసి పక్కింటావిడ కడిగింది. ఆవిణ్ణి చూసి మంగలి తన పలకలు సబ్బుతో రుద్దాడు. మాంసం కొట్టువాడు చలవరాయి తుడిచి, "గుట్టలు ఇలా ఉంటే తుడిచి ఏం లాభం?" అన్నాడు. ఎవరు తెచ్చారో, మూడు గాడిదబళ్ళ ఇసుక వచ్చింది. మట్టి గుట్టలు చదును చేసి పైన ఇసుక పోశారు. పెళ్ళిళ్ళకీ చావులకీ వేసే రంగుల డేరా గుడ్డలు తెచ్చి, కూలిన గోడకి అడ్డంగా కట్టారు. గిర్గిస్ నిచ్చెనెక్కి కాయితం జెండాలు కట్టాడు. రెండేళ్ళుగా ఒకరి కాలిబాట గురించి ఒకరు తిట్టుకున్నవాళ్ళు ఆ సాయంత్రం ఒకరికొకరు పారలందించుకున్నారు. పాపం, ఎంత సంతోషంగా ఉన్నామో. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

గుంట దగ్గర మాత్రం అందరూ ఆగారు.

"దీన్ని వదిలేద్దాం వదినా. ఇది చూపించాలి కదా," అన్నాడు ఆతిఫ్.

"ఆయన కాలు అందులో పడితే?" అన్నాను నేను. "మన సందులో అడుగుపెట్టిన మనిషికి దెబ్బ తగిలితే ఏం మొహం పెట్టుకుని బతుకుతాం? పైన చెక్కలు వెయ్యి. నోటితో చెబుదాం, చెక్కలు తీసి చూపిద్దాం."

ఆతిఫ్ టైరు లాగేసి మూడు మందపాటి చెక్కలు వేశాడు. చెక్కలు వేశాక అవి నల్లగా, జిడ్డుగా, చండాలంగా కనిపించాయి. అంత శుభ్రమైన సందు నడిమధ్య కంట్లో నలుసులా ఉన్నాయి. ఇంట్లోకెళ్ళి, మా అమ్మ నా పెళ్ళికిచ్చిన తివాచీ బీరువా మీద నుంచి దించాను.

మా ఆయన మంచం మీద నుంచి చూస్తున్నాడు. "ఏమే, అదెక్కడికి?"

"చెక్కల మీదకి."

"ఆ ఇంజినీరు ఏం చెప్పాడు? నువ్వేం చేస్తున్నావు?"

"నీకు తెలీదు, పడుకో. చెప్పాల్సిన మాట నువ్వు చెబితే చాలు. తివాచీ ఎత్తి చూపించడం ఎంతసేపు?"

గురువారం పదింటికి పై అధికారి వచ్చాడు. వెనక పది పదిహేనుమంది, ఇద్దరు కెమెరావాళ్ళు, అందరికన్నా వెనక ఇంజినీరు వజ్దీ. ఆడవాళ్ళు మేడల మీద నుంచి, పెళ్ళిళ్ళలో పెట్టినట్టు, నాలుకలాడిస్తూ సంబరపు కూతలు పెట్టారు. మంగలి పన్నీరు చల్లాడు. దౌలత్ పెద్దమ్మ గులాబీ షర్బత్తు గ్లాసు స్వయంగా అందించింది. ఆయన మర్యాదస్తుడే. పెద్దమ్మ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. షర్బత్తు చివరి చుక్క దాకా తాగాడు.

"ఇన్ని పేటలు తిరిగాను, ఇంత చక్కటి సందు చూడలేదు," అన్నాడు కెమెరాల వైపు తిరిగి. "ప్రజలు తలుచుకుంటే ఎలా ఉంటుందో ఇక్కడికొచ్చి చూడాలి."

వజ్దీ మొహంలో నెత్తురు లేదు. ఇసుక చూశాడు, డేరా గుడ్డలు చూశాడు, తివాచీ చూశాడు, తరవాత నన్ను చూశాడు. అంత జాలిగా నన్ను ఇంకెవరూ ఎప్పుడూ చూడలేదు. "అయ్యా, నిజానికి ఇక్కడ," అని ఏదో అనబోయాడు. ముందున్నవాళ్ళు అతన్ని మోచేతుల్తో నెట్టేశారు.

నడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చున్న మా ఆయన ముందు ఆగాడు పెద్దమనిషి. ఎక్కడ ఆగాడు? నా తివాచీ మీద. సరిగ్గా గుంట మీద.

"ఆరోగ్యం ఎలా ఉంది పెద్దాయనా? మీకేమైనా ఇబ్బందులుంటే చెప్పండి. మొహమాటపడకండి," అన్నాడు వంగి.

నేను కుర్చీ వెనక నిలబడి మా ఆయన భుజం నొక్కాను. చెప్పు. నాలుగు రోజులు చదివావు కదా, చెప్పు.

మా ఆయన తల పైకెత్తాడు. ఆ మనిషి నవ్వుమొహం చూశాడు. చేతిలో ఖాళీ షర్బత్తు గ్లాసు చూశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు కదా, "మీరు మా గుమ్మంలోకొచ్చారు, ఇంకేం కావాలి బాబూ? మీరు చల్లగా ఉండండి. మాకే లోటూ లేదు."

మా ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషి అడిగితే ఎవరైనా అనే మాటే అది. పొయ్యిలో నిప్పు లేకపోయినా అదే అంటారు. అవతలివాడు మళ్ళీ అడగాలి, ఒట్టు పెట్టి అడగాలి, మూడోసారికి గానీ అసలు సంగతి బయటికి రాదు. ఆ పెద్దమనిషి మళ్ళీ అడగలేదు. మా ఆయన భుజం తట్టి, "చూశారా, ఎంత తృప్తో," అని వెనక్కి తిరిగి చెప్పి, తివాచీ దాటి బడివైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కాదు, ఆ మధ్యాహ్నమే పట్టుకున్నాను మా ఆయన్ని.

"నోరు పడిపోయిందా నీకు? మూడు ముక్కలు! మూడే ముక్కలు చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పనే? మన షర్బత్తు తాగి నిలబడ్డాడు మనిషి. మొహం మీదే దేహీ అనమంటావా?"

"అనాలి! అడుక్కోవాలి! కాళ్ళమీద పడాలి!"

"మరి నువ్వు తివాచీ ఎందుకు ఎత్తలేదు?" అన్నాడు నెమ్మదిగా.

ఎత్తడం ఎంతసేపు అన్నదాన్ని నేనే. ఆ మనిషి బూట్లు దాని మీద ఉన్నంతసేపూ, తివాచీ మాసిపోలేదు కదా, రంగులు బాగా కనిపిస్తున్నాయి కదా, అనే చూసుకుంటూ నిలబడ్డాను. దేవుడు నన్ను క్షమిస్తాడేమో గానీ నేను క్షమించుకోను.

మాకు శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఆఫీసు తెరవగానే వెళ్ళాను. వజ్దీ బిస్కట్టు కొరకడం లేదు.

"దేన్నీ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"రెండుసార్లు చెప్పానా లేదా?"

"చెప్పారు బాబూ. బుద్ధి గడ్డి తింది. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

"చెయ్యడానికేముంది? ఏడో నంబరు కొట్టేశారు. ఆయన చేత్తో ఆయనే కొట్టేశారు. 'ఆ సందు బాగుంది, అంతకన్నా అవసరమైన చోట పెట్టండి' అన్నారు. కాదండీ, అడుగున గుంటుంది, ఇసుక పోశారు అన్నాను. 'అయితే నేను నడిచింది ఎక్కడయ్యా?' అన్నారు. ఫోన్లో ఫోటో చూపించారు. మీ ఆయన అన్న మాట టీవీలో కూడా వచ్చింది. నేనిప్పుడు అక్కడ గుంటుందని రాస్తే, ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టే కదమ్మా."

"మరి చీపురు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "మళ్ళీ అర్జీ పెట్టండి. మార్చి తరవాత చూద్దాం."

ఇంటికొచ్చి తివాచీ ఎత్తేశాను. ఆతిఫ్ చెక్కలు తీసి టైరూ కర్రా మళ్ళీ పెట్టాడు. ఇసుక మాత్రం ఎవరూ తియ్యలేదు. మూడు బళ్ళ ఇసుక. అది రోజూ కొంచెం కొంచెంగా జారి ఆ సగం గొట్టంలోకి, గుంటలోకి పోతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పోయిన ఏడు ఆ సగం గొట్టమైనా కొన్ని నీళ్ళు మింగింది.

చీపురు పదహారో తారీకు ఆదివారం వచ్చింది. మొదట గాలి, తరవాత వడగళ్ళు, తరవాత ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. సోమవారం పొద్దున తలుపు తీస్తే సందు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి నల్లటి నీళ్ళు. టైరూ కర్రా ఎటు కొట్టుకుపోయాయో తెలియదు. ఆతిఫ్ నీళ్ళలోకి దిగితే తొడల దాకా వచ్చాయి.

"గొట్టం పూడుకుపోయింది వదినా," అన్నాడు. "ఇసుకతో." ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

అయినా బయల్దేరారు. సోమవారం కదా. కాలిబాటల మీద నుంచి పోదామన్నాడు గిర్గిస్, అక్కడైతే నీళ్ళు తక్కువని. మంగలి పలకల మీద వాడి కాలు జారింది. కుర్చీ పక్కకి ఒరిగింది. మా ఆయన ఛాతీ దాకా మురుగులో మునిగాడు. ఆయన్ని పట్టుకోబోయి గిర్గిస్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వెనక్కి తీసుకొచ్చి, ఒళ్ళు కడిగి, పొడిబట్టలు కట్టాను.

"పాపం, వాడు సూది ఎలా పట్టుకుంటాడే?" అన్నాడు మా ఆయన వణుకుతూ. తన సంగతి ఒక్క మాట అనలేదు.

మంగళవారం వాన ఆగలేదు. పాదాలు ఉబ్బి వేళ్ళు కనిపించడం మానేశాయి. దాహం, దాహం అన్నాడు. ఆయనకు రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే లెక్క. బయట సందునిండా నీళ్ళు, లోపల నేను తడిగుడ్డతో ఆయన పెదాలు తుడుస్తున్నాను.

బుధవారం పొద్దునకి పడుకోలేకపోయాడు. కూర్చోబెడితేనే ఊపిరి. ప్రతి ఊపిరికీ లోపల గుడగుడమని చప్పుడు. అంబులెన్సుకి ఫోన్ చేశాను. వచ్చింది. పెద్దరోడ్డు మీద, సందు మొదట్లో ఆగింది. దాని మీద దీపం తిరగడం మా గుమ్మంలోంచి కనిపిస్తోంది. అంత దగ్గర.

"బండి లోపలికి రాదు! ఇంజను మునుగుతుంది! ఎలాగైనా మీరే తీసుకురండి!" అని అరిచాడు అంబులెన్సు మనిషి.

ఆతిఫ్ మా పడకగది తలుపు బందులు ఊడగొట్టాడు. తలుపు మీద దిండ్లు ఎత్తుగా పెట్టి, ఆయన్ని ఆనించి కూర్చోబెట్టి, దుప్పటితో కట్టాం. ఆతిఫ్, ఆతిఫ్ తమ్ముడు, మంగలి, మాంసం కొట్టువాడు. నలుగురూ నాలుగు మూలలూ భుజాలకెత్తారు. ఇనప చువ్వ పట్టుకుని నేను ముందు దిగాను. గుంట ఎక్కడుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

"నెమ్మదిగా ఇన్సాఫ్," అన్నాడు మా ఆయన పైనుంచి. మాట గాలిలా వచ్చింది. "పడతావు."

"నువ్వు నోరు మూసుకుని ఊపిరి తీసుకో," అన్నాను.

చువ్వతో పొడుస్తూ, నేల తగిలాక అడుగు వేస్తూ, వెనక్కి చూసి రమ్మంటూ నడిచాను. దౌలత్ పెద్దమ్మ మెట్లు దాటాం. ఆవిడ కిటికీలోంచి దువా చదువుతోంది. మాంసం కొట్టు దాటాం. ఆతిఫ్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన కుడిచెయ్యి తలుపు అంచు మీద నుంచి జారి వేలాడుతోంది. వాన దాని మీద పడుతోంది.

వెనక్కి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. ముప్పై రెండేళ్ళు పట్టుకున్న చెయ్యి. నిద్రలో ఉంటే ఎలా ఉంటుందో తెలుసు, జ్వరంలో ఎలా ఉంటుందో తెలుసు, అలిగి పడుకున్నట్టు నటిస్తే ఎలా ఉంటుందో కూడా తెలుసు. అది ఇప్పుడు అవేవీ కాదు. గుడగుడ చప్పుడు కూడా లేదు. ఎప్పుడాగిందో, వాన హోరులో నేను వినలేదు.

"ఏంటి వదినా?" అన్నాడు ఆతిఫ్. ముందు మూల వాడిదే, వెనక్కి చూడలేడు. మెడ నరాలు ఉబ్బిపోయి ఉన్నాయి.

చెబితే ఏమవుతుంది? ఆగుతారు. ఆగి ఎక్కడ దించుతారు? ఆయన్ని దించడానికి ఆ సందు మొత్తంలో ఆరిన జానెడు నేల లేదు. ముందుకి వంద అడుగులు, వెనక్కి వంద అడుగులు. బతికున్న మనిషిని కాపాడుతున్నామన్న ధైర్యంతోనే ఆ నలుగురి కాళ్ళూ ఆ నీళ్ళలో నిలబడుతున్నాయి. ఆ మాట తీసేస్తే అందరం అక్కడే కూలిపోతాం.

చెయ్యి ఎత్తి ఆయన గుండె మీద పెట్టి, దుప్పటి కిందకి దోపాను.

"ఏం లేదు. చలేస్తోందంట," అన్నాను. "ఎడమ పక్కకి రండి. బాగా ఎడమకి. ఇక్కడ గుంటుంది."

వాళ్ళు ఎడమకి వచ్చారు. ఎంత జాగ్రత్తగా వచ్చారో! ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ, తలుపు ఇసుమంత ఒరగకుండా, తల్లి పసిపిల్లని మోసినట్టు. నేను చువ్వతో గుంట అంచు తడుముతూ పక్కనే నిలబడి, నలుగురూ దాటేదాకా చూశాను. "ఇంకొంచెం ఓర్చుకో షౌకీ, వచ్చేశాం," అని పైకి వినపడేలా అన్నాను. వాళ్ళు వినాలి కదా.

పెద్దరోడ్డు మీద నీళ్ళు నిలవని చోట, మినీబస్సు ఆగే గట్టు మీద దించారు. మంగలి నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఆతిఫ్ మోకాళ్ళ మీద కూర్చుని, తన చొక్కా చేతితో మా ఆయన నుదుటి మీద వాన తుడిచాడు.

"చూశావా అన్నా, తెచ్చామా లేదా? ఒక్కసారైనా ఒరగనిచ్చామా?" అన్నాడు రొప్పుతూ. వాడి మొహం నిండా నవ్వు.

అంబులెన్సు మనిషి వచ్చి దుప్పటి తీశాడు. మెడ మీద రెండు వేళ్ళు పెట్టాడు. తల ఎత్తి నావైపు చూశాడు, నాకు ముందే తెలుసని అతనికి అర్థమైంది. ఆతిఫ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందో చూసే ధైర్యం లేక, నేను సందు వైపు తిరిగి నిలబడ్డాను.